ఆటలో వచ్చిన ఎక్కాలు నోటుపుస్తకంలో ఎందుకు రావు?

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. పన్నెండో ఎక్కం వరకూ గడగడా అప్పజెబుతాడు గాని, ‘ఏడు ఎనిమిదులు ఎంత?’ అని మధ్యలో అడిగితే మళ్ళీ మొదటి నుంచి ఎక్కి రావలసిందే. తెలిసినవారు చెబితే ఫోన్‌లో గుణకారాల ఆట ఒకటి వేసి ఇచ్చాను. రెండు నెలలుగా రోజూ నలభై నిమిషాలు ఆడుతున్నాడు, లెవెళ్ళు చాలానే దాటాడు. హోంవర్కులో మాత్రం వేళ్ళు మడుస్తూనే ఉన్నాడు. ఆటను కొనసాగించాలా, మాన్పించాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వెంటనే మాన్పించనక్కరలేదమ్మా. ఆ ఆట మీ అబ్బాయి చేత ఏం చేయిస్తున్నదో ముందు పక్కన కూర్చుని చూడండి. అయిదు నిమిషాల పాటు, అతను జవాబిచ్చిన ప్రతి లెక్కకూ కాగితం మీద ఒక గీత గీయండి. బొమ్మకు చొక్కా మార్చడానికీ, నాణేలు ఏరుకోవడానికీ, ప్రకటన ముగిసేదాకా ఎదురుచూడడానికీ పోయిన సమయం పోగా గీతలు పది కూడా పడకపోతే, నలభై నిమిషాలలో అసలు అభ్యాసం ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, జవాబును తానే టైపు చేస్తున్నాడా లేక నాలుగింటిలో ఒకటి ఎంచుకుంటున్నాడా అన్నది. 7×8 కింద 15, 56, 83, 100 అని ఉంటే, ఎక్కం రాని పిల్లవాడు కూడా అంచనాతో 56ను పట్టేస్తాడు; ఏమీ తెలియకుండా వేలు పెట్టినా సగటున నాలుగింట ఒకటి ఒప్పవుతుంది. అక్కడ జరిగేది కనిపించినదాన్ని గుర్తుపట్టడం, నోటుపుస్తకంలో కావలసింది కనిపించనిదాన్ని గుర్తుతెచ్చుకోవడం. లెవెళ్ళు పెరిగినా వేళ్ళు మడవడం ఆగకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అలాగైతే టైపు చేయించే ఆటకు మార్చండి. టక్స్‌మ్యాథ్ అనే ఆటలో తోకచుక్కలు లెక్కలను మోసుకుంటూ ఆకాశం నుంచి పడుతుంటాయి, జవాబును అంకెలలో కొడితేనే అవి పేలిపోతాయి. అది ఉచితం, కంప్యూటర్‌లోకి దించుకున్నాక నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు.

ఇలాంటి ఆటల అసలు బలం వరస తప్పించి అడగడంలోనూ, తప్పయితే అప్పటికప్పుడే చెప్పడంలోనూ ఉంది. మన ఎక్కాలు పాటలా సాగుతాయి కనుక వల్లె వేసిన పిల్లలకు వరస చక్కగా నిలుస్తుంది, కానీ నడిమి మెట్టు మీదికి నేరుగా చేరడం విడిగా నేర్చుకోవలసిన పని. బడిలో ‘సెవెన్ ఎయిట్స్’ అనీ ఇంట్లో ‘ఏడు ఎనిమిదులు’ అనీ రెండు భాషల మధ్య తడబడే పిల్లలకు, అంకెలను మాత్రమే చూపే ఆట మరికొంత సాయం చేస్తుంది.

నేర్వవలసినవి కూడా మీరు భయపడుతున్నన్ని లేవు. ఒకటి నుంచి పది వరకు ఎక్కాలలో 100 లెక్కలున్నా, 7×8, 8×7 ఒకటేనని తెలిస్తే అవి 55 అవుతాయి. సులువుగా వచ్చే 1, 2, 5, 10 ఎక్కాలను తీసేస్తే మిగిలేవి 21. ఆటలో అభ్యాసానికి ఏ ఎక్కాలు రావాలో ఎంచుకునే వీలుంటే వాటినే పెట్టండి. అయితే ఆట అడుగుతుందే గాని అర్థం చెప్పదు. ఎనిమిదేసి చింతపిక్కలను ఏడు వరసలుగా పేర్పించి, అయిదు వరసల దగ్గర ఒక పుల్ల అడ్డం పెట్టండి: పైన 40, కింద 16, కలిపితే 56. జవాబు మరచిపోయిన రోజున మొదటి మెట్టుకు దిగిపోకుండా అతన్ని ఆదుకునేది ఈ దారే. తొమ్మిదో ఎక్కానికి పదింతల నుంచి ఒక వంతు తీసేయడం చూపండి: 7×9 అంటే 70లో 7 పోగా 63.

గడియారం పెట్టి తొందరపెట్టే ఆటలను ఇప్పుడే ఇవ్వవద్దు. జవాబు ఇంకా కుదురుకోని పిల్లవాడు సమయం అయిపోతుందన్న కంగారులో వచ్చినదాన్నీ పోగొట్టుకుంటాడు. తప్పులు తగ్గిన తరువాత వేగం సంగతి చూడవచ్చు.

నలభై నిమిషాలను పదికి తగ్గించండి, కానీ ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. ఆటలో తప్పిన లెక్కలను చిన్న చీటీల మీద రాయించి మర్నాడొకసారి, మూడు రోజులాగి మరొకసారి మీరే అడగండి. ప్రతి ఆదివారం ఆ 21 లెక్కలనూ కలగాపులగంగా కాగితం మీద రాసిచ్చి, ఫోన్ లేకుండా చేయించండి. ఒప్పులు వారం వారం పెరుగుతుంటే ఆటను ఉంచండి. నెల గడిచినా కదలిక లేకపోతే ఆ ఆటను తీసేసి, పది నిమిషాలూ చీటీలకే ఇవ్వండి.