ప్రతి బండీ ఎంజీఎంకే పోవాలా?

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఏటూరునాగారం వైపు 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటును చూసుకునేవాడిగా, చేరావని అక్క చెప్పింది. సంతోషం. ఈ పనిలో పేషెంటును ఎక్కించుకోవడం కంటే ఎక్కడ దించాలో తేల్చుకోవడమే కష్టం. అందుకే ఈ ఉత్తరం.

అక్కడి నుంచి వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎం దాదాపు వంద కిలోమీటర్లు. మామూలు జ్వరానికి కూడా అంతదూరం పోతే, తిరిగొచ్చేదాకా ఆ మండలానికి బండి లేనట్టే. అప్పుడే పురుగుమందు తాగిన కేసు వస్తే? పీహెచ్‌సీ, ఏటూరునాగారం దవాఖాన, ములుగు, ఇవన్నీ నీ లెక్కలో ఉండాలి. అయితే నిర్ణయం నీ ఒక్కడిది కాదు. బీపీ, నాడి, ఆక్సిజన్, షుగర్ చూసి కాల్ సెంటర్ డాక్టరుకు చెప్పు. ఆయన మాటను రికార్డులో రాసుకో. బయలుదేరే ముందు ఆ దవాఖానకు ఫోన్ చేసి డాక్టరున్నాడో లేదో కనుక్కో. బోర్డు చూసి పోతే తాళం కనబడొచ్చు.

షుగర్ పడిపోయిన ముసలాయన సంగతి ప్రత్యేకంగా రాస్తున్నా. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చుంటాడు, చాయ్ అడుగుతాడు, "నాకేం కాలేదు, దించండి" అంటాడు. ఇంటోళ్లూ వంత పాడతారు. వేసుకునే షుగర్ గోలీలు చూపించమను. గ్లిమిపిరైడ్ లాంటివైతే గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, కిడ్నీలు బాగాలేకుంటే మరీ. ఇంట్లో వదలొద్దు. అలాగని ఎంజీఎం కూడా అక్కర్లేకపోవచ్చు, రాత్రంతా షుగర్ చూసే నర్సున్న చోటు చాలు.

పాము కరిస్తే విరుగుడు మందున్న దగ్గరి దవాఖానే ముందు. కట్లపాముకు వాపు పెద్దగా ఉండదు, కానీ రెప్పలు వాలితే ఊపిరికి ముప్పు. మందు మొదలుపెట్టించి వెంటిలేటర్ ఉన్నచోటికి కదిలించాలి. ఛాతీ నొప్పి, మూతి వంకర, ఆగని రక్తం, వీటిలో దగ్గరిదని చూడకు, వైద్యం దొరికేచోటు చూడు.

అమెరికాలో అంబులెన్స్ పేషెంటును ఎమర్జెన్సీకి కాక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్లినా మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకు అక్కడి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బులిచ్చేలా 2021లో ఈటీ3 అని ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఐదేళ్లనుకున్నది 2023 చివరికే ఆపేశారు. అక్కడ బిల్లుల లెక్క. మన దగ్గర 108 ఉచితం కాబట్టి అడ్డమొచ్చేది డబ్బు కాదు, నమ్మకం. "పెద్ద దవాఖానకే తీసుకపో" అని బండికి అడ్డం నిలబడతారు. వాళ్లతో "ఇది చిన్న రోగమే" అనకు, మంట పుడుతుంది. "ముందు ఇక్కడి డాక్టరు చూస్తాడు, ఆయన రాస్తే వరంగల్ పంపిస్తారు" అను. అయినా ఒప్పుకోకపోతే ఫోన్‌లో డాక్టరుతోనే మాట్లాడించు.

దించాక నర్సుకు అప్పగించి సంతకం తీసుకో. రాత్రిపూట ఫోనెత్తని దవాఖానల పేర్లు డైరీలో రాసిపెట్టుకుని నెలనెలా మీ సూపర్‌వైజర్‌కు ఇవ్వు. పండగకు వచ్చినప్పుడు ఆ డైరీ నాక్కూడా చూపించు.

మీ మామ