ఫుట్‌బాలా, కెమిస్ట్రీయా అని ఇంట్లో రోజూ గొడవే

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి పదో తరగతి, స్కూల్లో జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే స్కూల్ రెండో జట్టు) తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. పొద్దున్న ఐదున్నరకి లేచి ప్రాక్టీసుకి వెళ్తాడు, సాయంత్రం ఒళ్ళు హూనమై వస్తాడు. మొన్న పప్పన్నం కలుపుతూ కలుపుతూ కంచం ముందే నిద్రపోయాడు. కెమిస్ట్రీలో 92 నుంచి 76కి పడిపోయాడు. "బంతి పట్టుకుని పరిగెత్తితే ఉద్యోగం ఎవడిస్తాడు? మానేయించు" అంటారు మా ఆయన. ఆయన ఇంటర్ చదివిన హాస్టల్లో గ్రౌండే లేదట, తెల్లవారుజామున నాలుగున్నరకే స్టడీ అవరట. మానేయమంటే మాతో మాట్లాడనంటున్నాడు వీడు. స్కూల్‌వాళ్ళకి కూడా చదువు కంటే ఆటే ఎక్కువలా ఉంది. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: స్కూళ్ళ గురించి మీరన్నది నిజమేనమ్మా. మీ వైపే ఉన్న ఆలెన్ అనే ఊళ్ళో ఒక్క హైస్కూల్ కోసం 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు, రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు బీటలు వారి మూసేశారు, బాగుచేసి మళ్ళీ తెరిచారు. మన దగ్గర ఇంటర్ ర్యాంకర్ల ఫొటోలు ఫ్లెక్సీల మీదికి ఎక్కుతాయి చూడండి, అక్కడ ఆ గౌరవం శుక్రవారం రాత్రి స్కూల్ మొదటి జట్టులో ఫుట్‌బాల్ ఆడే పిల్లలది. పదిహేనేళ్ళవాడు అది చూసి మోజుపడడం వింతేమీ కాదు.

మీ ఆయన భయాన్నీ నేను కొట్టిపారేయను. హైస్కూల్లో ఆడినవాళ్ళలో కాలేజీ జట్టులో చోటు దొరికేది కొద్దిమందికే, పూర్తి స్కాలర్‌షిప్ ఇంకా తక్కువమందికి. కానీ ఆ సంగతి మీవాడికి తెలియదనుకుంటున్నారా? జేవీలో ఉన్నవాడికి తన ఆట ఏపాటిదో తనకి బాగానే తెలుసు. వాడు ఉద్యోగం కోసం ఆడట్లేదు. నన్నడిగితే, నాలుగున్నరకి స్టడీ అవరూ ఐదున్నరకి ప్రాక్టీసూ దొందూ దొందే. ఆయన నిద్ర చదువుకి పోయింది, వీడి నిద్ర ఆటకి పోతోంది. ముందు ఆ నిద్ర సంగతి చూడండి.

టెక్సస్‌లో స్కూలున్న వారంలో, క్లాసు వేళలు కాకుండా, ఒక ఆటకి 8 గంటలకి మించి ప్రాక్టీసు పెట్టకూడదు. రెండు వారాలు టైము రాసి చూడండి. దాటితే కోచ్‌ని మర్యాదగానే అడగొచ్చు. దాటకపోతే మిగతా టైము ఎక్కడికి పోతోందో తేలుతుంది, ఫోన్ దగ్గర తేలినా ఆశ్చర్యం లేదు.

ఇక మార్కులు. ఏదైనా సబ్జెక్టులో 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్‌లు ఆడనివ్వరు. 1984లో అక్కడ తెచ్చిన చట్టమే అది, 'నో పాస్, నో ప్లే' అంటారు. అంటే స్కూల్‌కి 70 చాలు. మీ ఇంటికి ఎంత కావాలన్నది మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. ఆ అంకె వాడి నోటే రానివ్వండి, మీరు 90 అని మొదలుపెట్టకండి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో చదవాలని వాడికుంటే ఒక సంగతి: 2026 నుంచి అక్కడ నేరుగా సీటు వచ్చేది క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్నవాళ్ళకే. ఈ ముక్క నాన్న చెప్తే తిట్టులా వినిపిస్తుంది, స్కూల్ కౌన్సెలర్ చెప్తే సమాచారంలా వినిపిస్తుంది. అందుకని అపాయింట్‌మెంట్ వాడి చేతే తీయించండి.

సీజన్ మధ్యలో మాత్రం మానిపించకండి. జేవీ మ్యాచ్‌లు నవంబరు మొదట్లో ఎలాగూ అయిపోతాయి. కెమిస్ట్రీకి అంతవరకూ ట్యుటోరియల్స్‌కి (స్కూల్లో టీచర్లు విడిగా చెప్పే క్లాసులకి) వెళ్తే సరి. వచ్చే ఏడు ఆడాలా వద్దా అన్నది అప్పుడు, తీరిగ్గా. ఒక్క విషయంలో మాత్రం బేరం పెట్టుకోకండి: తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే డాక్టరు రాసిచ్చేదాకా మైదానంలోకి దిగకూడదు. అక్కడ చట్టం కూడా అదే చెప్తుంది, వాడు ఎంత బతిమాలినా సరే.

మీ ఆయన ఇంతవరకూ ఒక్క మ్యాచ్ అయినా చూశారో లేదో మీరు రాయలేదు. చూడలేదనే నా అనుమానం. జేవీ ఆటలు మామూలుగా గురువారం ఉంటాయి, ఈసారి తీసుకెళ్ళండి. కారులో ఇంటికి వచ్చేదాకా కెమిస్ట్రీ ఊసెత్తొద్దని ముందే ఒట్టు వేయించుకోండి.