రోజంతా రేడియోలో కచేరీలు, ప్రసంగాలు వినాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మీరు ఒంగోలులో ఉంటున్నారు, సంగీతం నేర్చుకోలేదు. ఒక సెలవు రోజు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతం, సాహిత్య ప్రసంగాలు వినాలనుంది. రాగాలు తెలియకుండా వింటే ఏమైనా పట్టుబడుతుందా అని అడిగారు. తప్పకుండా పట్టుబడుతుంది. నేను ఎవరి దగ్గరా సంగీతంలో మొదటి పాఠాలైన సరళీస్వరాలు కూడా నేర్చుకోలేదు, వీణ ముట్టుకోలేదు. నాకున్న కాస్త సంగీతజ్ఞానమంతా రేడియో పెట్టిన భిక్షే.

నేను పుట్టింది కరవది దగ్గర పల్లెలో, మెట్టింది నెల్లూరు. చిన్నప్పుడు మా మేనమామ వాళ్లింట్లో తెల్లవారేది రేడియోతోనే. ముందు ఆకాశవాణి సంకేత సంగీతం వచ్చేది. దాన్ని 1936లో వాల్టర్ కాఫ్‌మన్ అనే ఆయన శివరంజని రాగంలో కట్టారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ తర్వాత వందేమాతరం, వెంటనే మంగళవాద్యం. నాదస్వరం మొదలైతే మామయ్య పాలు పితికే చెంబు కింద పెట్టి మరీ వినేవాడు. అది షేక్ చిన మౌలానా గారిదైతే ఇక చెప్పక్కర్లేదు. "మన కరవది ఆయనమ్మా! ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కనిపెట్టు చూద్దాం" అని నాకు పందెం పెట్టేవాడు. నాకు ఎప్పుడూ దొరికేది కాదు. కానీ ఆ వెతుకులాటలో చెవి సన్నాయి వెంటే పోయేది, కింద డోలు ఎక్కడ తగ్గుతుందో ఎక్కడ ఎగస్తుందో తెలిసేది. వినడం అంటే ఏమిటో నాకు నేర్పిన మొదటి పాఠం అదే. చిన మౌలానా గారు 1924లో కరవదిలో పుట్టారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మీకు పక్క ఊరి మనిషే. ఆయన వాయించింది వినే అవకాశం వస్తే మాత్రం వదులుకోకండి.

రాగాల సంగతికి వస్తే, రేడియోలో అసలు గురువు అనౌన్సరు. పాటకు ముందో వెనకో కీర్తన పేరు, రాగం, తాళం, రచయిత చెబుతారు. "సామజవరగమన, హిందోళ రాగం, ఆది తాళం, త్యాగరాజ కృతి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నేను నోటు పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. అర్థమై రాసింది కాదు, ఊరికే పేర్లు. కొన్నాళ్లకు అవే పేర్లు మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. ఒకరోజు ఎవరో ఆలాపన ఎత్తుకున్నారు. అనౌన్సరు చెప్పకముందే ఇది హిందోళం అని నా నోటికి వచ్చేసింది. ఆ సంతోషం మీకూ కలగాలని కోరుకుంటున్నాను. పది రాగాల వెంట పడకండి. మోహన, హిందోళం రెండింటితో మొదలుపెట్టండి. రెండూ అయిదేసి స్వరాల రాగాలే. మోహనలో మ, ని ఉండవు. హిందోళంలో రి, ప ఉండవు. ఈ లెక్క గుర్తుండకపోయినా పర్వాలేదు. ఒకటి విచ్చుకున్నట్టు, ఒకటి లోపలికి పిలిచినట్టు వినిపిస్తాయి నాకు. మీకు ఇంకెలాగో వినిపించవచ్చు.

పగలంతా రేడియో ముందు కదలకుండా కూర్చోనక్కర్లేదు. పొద్దుటి భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని వంట చేసుకుంటూ వినదగ్గదే. 6.55కి సంస్కృత వార్తలు వచ్చేవి. అర్థం కాకపోయినా ఆ ఉచ్చారణ కోసం వినేవాళ్లు మా ఇంట్లో. ప్రసంగాలకు మాత్రం చేతిలో పని పక్కన పెట్టాలి. రేడియో ప్రసంగం పది, పదిహేను నిమిషాలు. అంత చిన్న వ్యవధిలో చెప్పాలంటే వక్త ముందే రాసుకుని, తనకు తెలిసినదాంట్లో ముప్పాతిక వంతు వదిలేయాలి. మంచి ప్రసంగం విన్నాక ఆ మిగిల్చినదేదో తెలుసుకోవాలనిపిస్తుంది. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెబుతుంటే మా వీధిలో ఏ ఇంటి ముందు నడిచినా ఆ గొంతే. ధర్మసందేహాలకు ఆయన ఇచ్చే జవాబులు విని పెద్దవాళ్లు వాదులాడుకునేవాళ్లు. అలా వాదులాడుకోవడం కూడా వినడంలో భాగమే.

పెళ్లయి నెల్లూరు వచ్చాక మా అత్తగారి దగ్గర ఇంకో సంగతి తెలిసింది. ఆమెకు మద్రాసు కేంద్రం కచేరీలు ప్రాణం. సాయంత్రం దీపం పెట్టగానే "ఆ సెట్టు ముఖం కాస్త దక్షిణానికి తిప్పమ్మా" అనేది. ఆచారమేమో అనుకున్నాను. కాదు, అందులో లెక్క ఉంది. మీడియం వేవ్ పట్టే సెట్టు లోపల అడ్డంగా ఒక ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. దానికి రాగితీగ చుట్టి ఉంటుంది, అదే ఏరియల్. కడ్డీ పక్కల నుంచి వచ్చే తరంగాలను బాగా పడుతుంది, కొనల వైపు నుంచి వచ్చేవాటిని సరిగా పట్టదు. నెల్లూరుకు మద్రాసు దక్షిణాన, విజయవాడ ఉత్తరాన. కాబట్టి సెట్టు ముఖం దక్షిణానికి పెడితే 720 కిలోహెర్ట్జ్‌లో మద్రాసు, 837లో విజయవాడ రెండూ బాగా పలికేవి. కడప పడమర. 900లో కడప కావాలంటే సెట్టును పావు చుట్టు తిప్పాల్సిందే. మీ ఒంగోలు నుంచి విజయవాడ ఈశాన్యంగా ఉంటుంది, ముఖం అటు పెట్టి చూడండి. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, ఫోన్ చార్జరు దగ్గర్లో ఉంటే గరగర తప్పదు. సెట్టును కిటికీ దగ్గరికి జరపండి, చార్జరు పీకేయండి. కొత్తది కొనేటట్టయితే మీడియం వేవ్ ఉందో లేదో అడిగి తీసుకోండి. ఇప్పుడు దొరికేవాటిలో చాలా వాటికి ఎఫ్‌ఎం ఒక్కటే ఉంటోంది.

ఇవేవీ కుదరకపోతే ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకోండి. ఆకాశవాణి కేంద్రాలు అందులో వస్తాయి. 2016 జనవరి 26న మొదలైన రాగం అనే చానల్ పూర్తిగా శాస్త్రీయ సంగీతానికే. అయితే మొదటి రోజంతా దాని మీదే ఉండకండి. సంగీతం తర్వాత ప్రసంగం, ప్రసంగం తర్వాత వార్తలు, మధ్యలో వ్యవసాయదారుల కార్యక్రమం, ఇలా వస్తేనే చెవి అలిసిపోదు. కార్యక్రమాల వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు చూసుకోండి.

రాత్రి కచేరీ మాత్రం దీపం తగ్గించి కూర్చుని వినండి. సంగీతానికి జాతీయ కార్యక్రమం 1952లో మొదలైంది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు దానికోసం మా అత్తగారు భోజనాలు త్వరగా ముగించేసేది. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే విడిగా వాయించే భాగం, వచ్చినప్పుడు చాలామంది లేచిపోతారు. మీరు లేవద్దు. తొడ మీద ఆది తాళం వేస్తూ వినండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, ఆ తర్వాత దెబ్బ, తిప్పు (అరచేయి పైకి తిప్పడం), దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. మృదంగం ఎక్కడెక్కడో తిరిగి వచ్చి మీ దెబ్బ దగ్గర కలిసినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. దానికి రాగజ్ఞానంతో పనే లేదు.

ఏ రోజు పెట్టుకోవాలంటారా? నన్నడిగితే పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన రోజు. త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారు నుంచి పంచరత్నాలు, అంటే ఆయన అయిదు పెద్ద కీర్తనలు, ప్రత్యక్ష ప్రసారం చేస్తారు, ఉదయం తొమ్మిది ప్రాంతంలో మొదలవుతాయి. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన అర్ధవీడు మండలంలోని ఊరేననీ, ఆయన కాలంవాడే అయిన మరో వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి పూర్వులు కంభం నుంచి వెళ్లినవాళ్లేననీ చెబుతారు. ముందు రోజే అయిదు కీర్తనల సాహిత్యం సంపాదించి చదువుకోండి. నాట రాగంలోని జగదానందకారక సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే. అక్కడ గొంతు కలిపేవాళ్లలో తమిళులు చాలామంది, ఎంతో భక్తితో పాడతారు. కానీ గౌళలో "దుడుకుగల" అని తన తప్పులన్నీ ఏకరువు పెట్టుకునే చోట, ఆరభిలో "సాధించెనే" అని కృష్ణుణ్ణి దెప్పే చోట ఆ మాటల బాధ, ఆ మాటల చనువు మీకు ఎవరూ వివరించక్కర్లేదు. తొమ్మిదికల్లా స్నానం, టిఫిను ముగించుకుని కాగితం చేత పట్టుకుని కూర్చోండి. మధ్యలో ఫోను ఎత్తకండి. అయిదూ అయ్యాక కాఫీ తాగి, మధ్యాహ్నం ప్రసంగాల వేళకు మళ్లీ పెట్టుకోండి.