కస్టమర్ తెచ్చిన పాత ఇంజన్‌కి ముందు ఛాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పండి, తర్వాతే ఎక్కించండి

మీరు అడిగింది ఇదీ: డిజైర్ డీజిల్ బండికి కస్టమర్ తనే ఒక పాత ఇంజన్ కొనుక్కొచ్చాడు, మీరు ఎక్కించి ఇచ్చారు. పది రోజులకే నీలం పొగ, ఆయిల్ తగ్గిపోతోంది. లేబర్ వెనక్కి ఇవ్వమంటున్నాడు, లేదా ఫ్రీగా దించి ఇంకో ఇంజన్ ఎక్కించమంటున్నాడు. బాధ్యత ఎవరిది, ఏం చెయ్యాలి?

నేను విజయవాడ ఆటోనగర్లో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. నా లెక్క సూటిగా చెప్తాను. ఇంజన్ లోపల ఉన్న మంచీ చెడూ తెచ్చినవాడివి, బిగింపులో ఉన్న మంచీ చెడూ మనవి. అయితే ఏది లోపలిది, ఏది బిగింపుది అన్నది పది రోజుల తర్వాత కూర్చుని తేల్చుకోలేం. బండిలోకి ఎక్కకముందే తేలిపోవాలి. నాకు ఈ సంగతి ఒక డిజైర్ బండి దగ్గరే తెలిసొచ్చింది.

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఒక ట్యాక్సీ కుర్రాడు, బండి సొంతానిదే, ఫైనాన్సు ఇంకా కడుతున్నాడు. నడుస్తుండగా పిస్టన్‌కీ క్రాంకుకీ మధ్యుండే రాడ్డు ఇంజన్ బ్లాకుని పగలగొట్టుకుని బయటికొచ్చింది. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బళ్లు ఆపేశారు కదా, రోడ్డు మీద తిరిగేవి మాత్రం ఇంకా బోలెడు. అందుకే ఈ 1248 సీసీ ఇంజన్‌కి తుక్కు షాపుల్లో గిరాకీ తగ్గలేదు. కుర్రాడు ఓ షాపులో నలభై ఐదు వేలు పెట్టి ఇంజన్ కొని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. నిండా సిల్వర్ పెయింటు, మెరిసిపోతోంది.

"అన్నా, స్టార్ట్ చేసి మరీ చూపించారు, సౌండ్ చాలా బాగుంది. ఎల్లుండి తెల్లారుజామున అన్నవరం పెళ్లి ట్రిప్పు ఒప్పుకున్నాను, ఎలాగైనా ఎక్కించెయ్యి" అన్నాడు.

"ఛాంబర్ ఒకసారి విప్పి చూద్దాం తమ్ముడూ" అన్నాను.

"దానికి మళ్లీ ఎంతవుతుంది?"

"పన్నెండొందలు."

"షాపాయన గ్యారంటీ ఇచ్చాడు కదన్నా, మళ్లీ ఎందుకు?"

అతని జేబు సంగతి నాకు తెలుసు. నలభై ఐదు వేలు ఎక్కడెక్కడ చేబదులు తెచ్చాడో అప్పటికే చెప్పాడు. అందుకని ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోకుండా ఉండాల్సింది, ఆ పన్నెండొందలు వదిలేసుకునైనా విప్పాల్సింది. మర్నాడు రాత్రి పదకొండింటికి పని పూర్తయింది. ఫస్ట్ సెల్ఫ్‌కే అందుకుంది. ఆయిల్ లైటు ఆరిపోయింది. పొగ లేదు, లీకు లేదు. అరగంట ఆడించి, బెంజి సర్కిల్ దాకా ఓ రౌండు వేసి ఇచ్చేశాను.

తెల్లారి ఆరింటికి ఫోన్. "అన్నా, ఏలూరు దగ్గర బండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్ అంటోంది గానీ తిరగట్లేదు." అడిగితే అప్పుడు చెప్పాడు. హనుమాన్ జంక్షన్ దాటాక ఆయిల్ లైటు మిణుకు మిణుకుమంది. కొత్తగా బిగించిన ఇంజన్ కదా, వైరు ఏదైనా లూజై ఉంటుందిలే అనుకుని నడిపేశాడు. వెనక సీట్లో పెళ్లికూతురి మేనత్త, ఒళ్లో సారె సామాను. వాళ్లందర్నీ రోడ్డు పక్కన దింపి వేరే బండి ఎక్కించి, కిరాయి ఇతనే కట్టుకున్నాడు.

బండిని లాగించుకొచ్చాడు. రాగానే మొదటి మాట "నువ్వే కదన్నా బిగించింది". నేను కోపం తెచ్చుకోలేదు. నేను చెప్పింది ఒక్కటే: ఇంజన్ అమ్మినాయన వచ్చేదాకా ఈ బండి మీద స్పానర్ పెట్టేది లేదు. ఆయన మూడు రోజులు తిప్పి నాలుగో రోజు వచ్చాడు. ఇద్దర్నీ బండి కింద కూర్చోబెట్టి, మా కుర్రాడితో వీడియో తీయిస్తూ ఛాంబర్ దించాం. ఆ బోల్టుల మీద సిల్వర్ పెయింటు అప్పటిదాకా చెక్కు చెదరలేదు, మేం స్పానర్ వేస్తుంటేనే పెచ్చులూడింది. అంటే పెయింటు కొట్టాక ఛాంబర్ మీద ఎవరి చెయ్యీ పడలేదన్నమాట.

స్ట్రెయినర్ (పంపు ఆయిల్ పీల్చేచోట ఉండే జల్లెడ) చూస్తే జాలీకి అడ్డంగా ఎర్ర సిలికాన్ పేస్టు ముక్క, చిటికెన వేలంత పొడుగుంది. ఇంకా చిన్న చిన్న ముక్కలు జాలీ కన్నాల్లో ఇరుక్కుపోయి ఉన్నాయి. ఎవరో ఛాంబర్ అతికించేటప్పుడు గోరంత పెట్టాల్సిన చోట కొండంత పేస్టు పూశారు. నొక్కగానే లోపలివైపు ఉబ్బింది, ఆరి తోలులా అయింది, ఇంజన్ వేడికి ఊడి పంపు లాగినవైపు వెళ్లింది. ఆడించి చూసినంతసేపూ ఏమీ తెలియదు. హైవే మీద గంట సేపు లాగేసరికి ఆయిల్ పైకి వెళ్లడం మానేసింది, రాడ్ల కింది చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగులు క్రాంకుని పట్టేశాయి. మా షెల్ఫులోంచి మేం వాడే ట్యూబు తెచ్చి పక్కన పెట్టాను. మేం మొదట్నుంచీ వాడేది గ్రే రంగు పేస్టే. కుర్రాడు రెండూ చూశాడు, ఇంకేం మాట్లాడలేదు.

అమ్మినాయన మాత్రం "మాది స్టార్టింగ్ గ్యారంటీ మాత్రమే" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. స్టార్ట్ అవడం ఒక గ్యారంటీయా? చచ్చే ఇంజన్ కూడా స్టార్ట్ అవుతుంది. సాయంత్రం దాకా వాదిస్తే ఒక క్రాంకు, రెండు రాడ్లు ఇచ్చాడు. బేరింగులు, లేత్ పని కుర్రాడు పెట్టుకున్నాడు. దించి ఎక్కించిన లేబర్ నేను తీసుకోలేదు. తప్పు నాది కాకపోయినా, విప్పి చూడాలని తెలిసీ విప్పలేదు కాబట్టి తీసుకోబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి నా షెడ్డులో ఎవరు ఏ ఇంజన్ తెచ్చినా ఛాంబర్ విప్పందే ఎక్కించను. స్ట్రెయినర్ కడుగుతాను. ఒక రాడ్డు క్యాపు విప్పి బేరింగ్ మీద గీతలున్నాయేమో చూస్తాను. హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడిచేసేవి) తీసి గేజి పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూస్తాను. డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి సుమారు 25 నుంచి 30 బార్ రావాలి, నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. మూడు బాగుండి ఒకటి 18 చూపించిందంటే ఆ ఇంజన్ వెనక్కి పంపించాల్సిందే, పెయింటు ఎంత మెరిసినా సరే. ఈ 1248 సీసీ ఇంజన్‌కి టైమింగ్ చైను సాగే జబ్బు ఉంది, పైన కవరు తీసి అదీ చూడాలి. ఎక్కాక చైను మార్చాలంటే పని రెండింతలు. ఈ చూసిన కూలి ముందే తీసుకుంటాను. ఇవ్వనంటే ఇంకో షెడ్డు చూసుకోమంటాను. పని పోయిన రోజులూ ఉన్నాయి, గొడవలు మాత్రం పోయాయి.

ఇంకోటి, 1248 సీసీ అనగానే అన్నీ ఒకటే అనుకుని కొనుక్కొచ్చేస్తారు. ఎర్టిగాది తెచ్చి స్విఫ్ట్‌కి పెట్టమంటారు. దాని టర్బో (ఇంజన్‌లోకి గాలిని తోసేది) వేరు. సెన్సర్లలో, మౌంటింగుల్లో తేడాలుంటాయి. వీడియోల్లో ఎవరో "అదే ఇంజన్, డైరెక్టుగా కూర్చుంటుంది" అని చెప్తాడు, ఇక్కడ మనం మూడు రోజులు వైరింగుతో కుస్తీ పడతాం. తుక్కు షాపువాళ్లు వైరింగు విప్పే ఓపిక లేక కటింగ్ ప్లయర్‌తో కోసేసి పంపిస్తారు, అదింకో తలనొప్పి. ఇంజెక్టర్లు కూడా మారిస్తే వాటి మీద ఉండే నంబర్లు స్కానర్‌తో బండి కంప్యూటర్లోకి ఎక్కించాల్సిన బళ్లు చాలా ఉన్నాయి. అది చెయ్యకుండా "ఇంజన్ కొట్టుకుంటోంది" అంటే ఇంజన్‌ని ఎందుకు తిట్టడం?

మనవాళ్ల గురించి కూడా ఒక మాట అనాలి. కస్టమర్లు తమ ఇంజన్ తామే ఎందుకు తెచ్చుకుంటున్నారు? మనలో కొందరు ముప్పై వేల ఇంజన్‌ని యాభైకి అంటగట్టి కమీషన్ తిన్నారు కాబట్టి. నమ్మకం పోయింది. నేనిప్పుడు అడిగినవాళ్లతో షాపుకి వెళ్లి ఇంజన్ చూసిపెట్టి, చూసిన కూలి తీసుకుంటాను, షాపులో పైసా తీసుకోను. అందరూ ఇలా చేస్తే ఈ తగాదాల్లో సగం ఉండవు.

జాబ్ కార్డు మీద ఇంజన్ నంబరు రాయండి, ఫొటో తీయండి. "ఇంజన్ కస్టమర్ తెచ్చుకున్నది, లోపలి లోపం బయటపడితే దించి ఎక్కించే లేబర్ వేరే" అని తెలుగులో రాసి సంతకం పెట్టించుకోండి. నంబరు చెరిపేసో, గ్రైండింగ్ చేసో ఉంటే ఆ ఇంజన్ ముట్టుకోవద్దు, అది దొంగ బండిది అయ్యుండొచ్చు. అలాగే ఇంజన్ మార్చిన 14 రోజుల్లోగా రవాణా శాఖ ఆఫీసులో తెలియజేసి ఆర్సీలో నంబరు మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో ఉంది. ఈ సంగతి కస్టమర్‌కి మనమే చెప్పాలి. ఇంజన్ కొన్న రసీదు లేకపోతే ఆ ఆఫీసులో తిరగలేక చస్తాడు, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లూ నంబరే అడుగుతారు.

ఇక మీ బండి సంగతి. నీలం పొగ అంటున్నారు కాబట్టి ఇంజన్ మీద నింద వెయ్యకముందు ఒకటి చూడండి. బండిలో మొదట ఉన్న ఇంజన్ ఏం జబ్బుతో పోయింది? దాని టర్బో ఆయిల్ కక్కి ఉంటే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) నిండా ఆ ఆయిలే ఉంటుంది. కడక్కుండా బిగిస్తే ఎంత మంచి ఇంజనైనా ఆ పాత ఆయిల్ తాగి రోజుల తరబడి నీలం పొగ వదులుతుంది. అదే అయితే తప్పు బిగింపుది, ఫ్రీగా కడిగి ఇచ్చెయ్యండి, గొడవ పడొద్దు. మొదటి ఇంజన్ టర్బోనే ఇప్పుడు ఎక్కించినదానికి మార్చి ఉంటే దాని షాఫ్టు ఊపి చూడండి. ఈ రెండూ బాగుంటే ఆయిల్ మూత తీసి, ఆడుతున్న ఇంజన్ మీద బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారే గాలి) ఎంత తన్నుతోందో చూడండి. గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు పోయాయి, అది అమ్మినవాడికీ కొన్నవాడికీ సంబంధించిన సంగతి. ఏం విప్పినా ఒంటరిగా విప్పొద్దు, వాళ్లిద్దర్నీ పిలిచి వాళ్ల కళ్లముందే విప్పండి.

రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పి, కింద ఒక డబ్బా పెట్టండి. ఎంత ఆయిల్ కారిందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.