పి0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేయకండి

ప్రశ్న: సార్ నమస్తే. నాది 2017 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేలు తిరిగింది. నెల కింద చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మెకానిక్ స్కానర్ పెడితే పి0171, సిస్టమ్ టూ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చెప్పి మార్చేశాడు. కొన్ని రోజులు బానే ఉంది, మళ్ళీ అదే లైట్, అదే కోడ్. ఇప్పుడేమో ఫ్యూయల్ పంప్ మార్చాలంటున్నాడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ బండి కొంచెం వణుకుతోంది, హైవే మీద మాత్రం ఏ తేడా లేదు. ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే అని మా బావ అంటాడు. పంప్ మార్పించమంటారా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్పించొద్దండీ. మీరు రాసిన లక్షణాలు పంప్ వైపు చూపించట్లేదు. పంప్ వీక్ అయితే పెట్రోల్ ఎక్కువ కావాల్సిన చోట, అంటే హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడో ఘాట్ ఎక్కేటప్పుడో బండి లాగక ఇబ్బంది పెట్టాలి. మీకు హైవే మీద బానే ఉండి, నిలబడినప్పుడు వణుకుతోంది. అంటే ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోందని నా మొదటి అనుమానం.

అసలు ఈ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే మీ డబ్బులు మిగులుతాయి, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా. సైలెన్సర్ పైపులో ముందువైపు ఉండే ఆక్సిజన్ సెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెప్తుంది. ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే పెట్రోల్ తక్కువైందని ఈసీయూ ఇంజెక్టర్‌ని ఇంకాసేపు తెరిచి ఉంచుతుంది, అలా ఎంత శాతం కలిపిందో దాన్నే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, అలవాటుగా గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి ప్లస్ పది లోపు ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, అదే ప్లస్ ఇరవై, ఇరవై అయిదు దాకా పోయి అక్కడే ఉండిపోతే ఇక నావల్ల కాదని ఈసీయూ పి0171 రాసేస్తుంది, కచ్చితమైన హద్దు కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి ఈ కోడ్ వచ్చిందంటే చాలాసార్లు ఆక్సిజన్ సెన్సర్ తన పని సరిగ్గా చేస్తోందనే అర్థం. విషయం చెప్పిన సెన్సర్‌నే పీకి పారేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, అది తక్కువ ఖరీదు వస్తువు కూడా కాదు.

మరి సెన్సర్ మార్చాక కొన్ని రోజులు ఎందుకు బాగుంది అంటారా, మార్చినప్పుడు కోడ్ కూడా క్లియర్ చేసుంటారు, దాంతో లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకి వెళ్ళిపోతుంది, అది మళ్ళీ పైకెక్కి కోడ్ పడటానికి ఆ మాత్రం టైమ్ పట్టింది, అంతే. ఈసారి లైట్ ఉండగా కోడ్ క్లియర్ చేయనివ్వకండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎమ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ట్రిమ్‌లు ఎంత అన్నది ఫ్రీజ్ ఫ్రేమ్ అని లోపల సేవ్ అయి ఉంటుంది, క్లియర్ కొడితే అది కూడా పోతుంది. ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు మీరే ఇంటి దగ్గర చేసుకునే పరీక్ష. వెయ్యి రూపాయల్లోపే ఈ కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్లు దొరుకుతాయి, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు షార్ట్, లాంగ్ ట్రిమ్‌లు కలిపి రాసుకోండి. తర్వాత 2500 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ కదపకుండా అరనిమిషం పట్టుకుని మళ్ళీ రాసుకోండి. ఐడిల్‌లో ప్లస్ 24 ఉన్నది 2500 దగ్గర ప్లస్ 5కో 6కో దిగిందనుకోండి, అది గాలి లీకే. ఎందుకంటే ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో చిన్న చిల్లు నుంచి వచ్చేది కూడా పెద్ద వాటా అవుతుంది, స్పీడ్ పెరిగాక మొత్తం గాలిలో ఆ వాటా లెక్కలోకే రాదు. అలా కాకుండా ఐడిల్‌లో మామూలుగా ఉండి లోడ్ మీద పెరుగుతూ పోతే అప్పుడు ఫ్యూయల్ ఫిల్టర్, పంప్, లేదా గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దుమ్ముపట్టడం. పంప్ అనుమానం వచ్చినా ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూడమనండి, మామూలు పెట్రోల్ ఇంజెక్షన్ (ఎమ్‌పీఎఫ్ఐ) బండ్లలో చాలావాటికి 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ బండి అసలు లెక్క సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. గేజ్ పెట్టకుండా పంప్ మార్చమనేవాళ్ళ మాట వినకండి.

ఒక్క మెలిక ఉంది. గాలిని కొలిచే సెన్సర్ రెండు రకాలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక పైపు మీద వైర్లతో ఉంటే మాఫ్, అది లేకుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) మీదే చిన్న సెన్సర్ ఉంటే మ్యాప్. మన చిన్న కార్లలో చాలావాటికి మ్యాపే ఉంటుంది. మ్యాప్ బండిలో లీక్ ఉంటే లోపలి ప్రెషర్ పెరిగినట్టు సెన్సర్‌కి తెలిసిపోతుంది, దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పెరుగుతుంది, అందుకని ట్రిమ్ అంతగా ఎక్కకుండా ఐడిల్ ఆర్‌పీఎమ్ పెరుగుతుంది. యాప్‌లో మ్యాప్ రీడింగ్ వేడి ఇంజిన్ ఐడిల్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉండాలి, 50 దాకా పోతుంటే లీక్ అనుమానించండి. మీది మ్యాప్ బండి అయి, ఆర్‌పీఎమ్ పెరగకుండా ఐడిల్‌లో ట్రిమ్ మాత్రమే ఎక్కువుంటే సైలెన్సర్ వైపు చూడాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర, అంటే సెన్సర్‌కి ముందు లీక్ ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ని పొరపాటు పట్టిస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని సౌండ్ వచ్చి వేడెక్కాక తగ్గిపోతుంటే అదే. మీకు పొద్దున వణుకుతుందన్నారు కాబట్టి ఇది తప్పకుండా వినండి.

గాలి లీక్ వెతకడానికి బానెట్ తీసి ముందు కళ్ళతోనే చూడండి. ఇంజిన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ పైపు వేడికి గట్టిపడి అడుగువైపు పగులుతుంది, పైనుంచి చూస్తే బానే కనిపిస్తుంది, వేలు కిందకి పెట్టి తడిమితేనే తెలుస్తుంది. బ్రేక్ బూస్టర్ పైపు, ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, థ్రాటిల్ బాడీ ముందున్న రబ్బరు గొట్టం మడతల్లో పగుళ్ళు, ఆయిల్ మూత, డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చుందా లేదా, ఇవన్నీ. ఎలుకలు కొరికిన చిన్న వాక్యూమ్ పైపులు కూడా చూడండి, బండి ఇంటి బయట పెట్టేవాళ్ళకి ఇది మామూలే. కళ్ళకి దొరక్కపోతే స్మోక్ టెస్ట్ ఉన్న షాప్‌కి వెళ్ళండి, ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే చిల్లు ఎక్కడుందో అక్కడ్నుంచే బయటికొస్తుంది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతికే పద్ధతి మాత్రం ఇంట్లో వద్దు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఇక మీ బావగారి మాట సగం నిజం. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే గాలి 14.7 కిలోలు కావాలి, ఈ10కి దాదాపు 14.1, ఈ20కి దాదాపు 13.5 చాలు. ఇంజెక్టర్ ఈ10 లెక్కన అంతే పోస్తే మిశ్రమం లీన్ అవుతుంది, ఈసీయూ నాలుగైదు శాతం కలిపి సరిచేస్తుంది. అంటే ఈ20 ఒక్కటే మిమ్మల్ని ప్లస్ 25కి తీసుకెళ్ళదు, కానీ పైపు పగిలి అప్పటికే ప్లస్ 18లో ఉన్న బండిని కోడ్ దాకా నెట్టగలదు. పగులు బాగుచేస్తే ఈ20 మీద కూడా లైట్ రాకూడదు. ఈ20కి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకి తప్పనిసరి, మీ బండి అంతకంటే ముందుది కాబట్టి పెట్రోల్ రబ్బరు పైపులు ఉబ్బాయా, చెమ్మ కనిపిస్తోందా అని కూడా ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: నాకు పి0172 వస్తోంది, సిస్టమ్ టూ రిచ్ (పెట్రోల్ ఎక్కువ). మైలేజీ బాగా పడిపోయింది, ప్లగ్గులు నల్లగా ఉన్నాయి, ఎయిర్ ఫిల్టర్ మార్చినా పోలేదు. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫిల్టర్ మూసుకుపోతే పవర్ తగ్గుతుంది గానీ ఇంజెక్షన్ బండిలో ఈ కోడ్ రావడం అరుదమ్మా. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున స్టార్ట్ చేయకముందే ఇగ్నిషన్ ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్, బయటి గాలి టెంపరేచర్ రెండూ చూడండి, దాదాపు ఒకటే ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా కూలెంట్ 40 డిగ్రీలే చూపిస్తుంటే సెన్సరో థర్మోస్టాటో పోయింది, చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తోంది. టెంపరేచర్ సరిగ్గా ఉండి, ట్యాంక్ ఫుల్ చేయించిన ప్రతిసారీ స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంటే ట్యాంక్‌లోని పెట్రోల్ ఆవిర్లని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఇంజెక్టర్ కారుతోందేమో, అప్పుడు ఇంజెక్టర్‌తో పాటు ఆయిల్ కూడా మార్చేయాలి. ఆలస్యం చేయకండి, ఇలాగే తిప్పితే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది, దాని ఖర్చు ముందు ఇవన్నీ చిన్నవే.

ప్రశ్న: బయట సీఎన్‌జీ కిట్ వేయించాను. గ్యాస్ మీద బానే వెళ్తుంది, పెట్రోల్‌కి మారిస్తే కొంతసేపటికి లీన్ కోడ్. - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గ్యాస్ ట్యూనింగ్ సరిగ్గా లేకపోతే ఈసీయూ ఆ తేడాని లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో నేర్చుకుని అదే పెట్రోల్‌కి కూడా వాడుతుంది. కోడ్ క్లియర్ చేసి, ఒక వారం పెట్రోల్ మీదే నడపండి. ట్రిమ్ మామూలుగా ఉంటే తప్పు కిట్ ట్యూనింగ్‌ది, వేసినవాళ్ళ దగ్గరే ల్యాప్‌టాప్ పెట్టి, పెట్రోల్ మీదా గ్యాస్ మీదా ట్రిమ్ దగ్గర దగ్గరగా వచ్చేదాకా సరిచేయించుకోండి. పెట్రోల్ మీద కూడా ప్లస్‌లోకి ఎక్కిపోతుంటే గ్యాస్ నాజిల్స్ కోసం మానిఫోల్డ్‌కి వేసిన రంధ్రాల దగ్గర లీక్ చూడమనండి, కిట్ బిగించిన బండ్లలో నేనైతే మొదట చూసేది అక్కడే.