తెల్లవారుజామున నోళ్లు తెరుస్తున్న చేపలు

ప్రశ్న: పెరట్లో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున సిమెంటు తొట్టి కట్టించి రంగుచేపలు వదిలాము. నీరు పచ్చబడుతోంది, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఫిల్టరు కొనాలా, ఏరేటరు కొనాలా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రెండూ కావాలి గానీ, ముందు ఏరేటరు (నీటిలోకి గాలి ఎక్కించే పరికరం) కొనండి. నీటిని పచ్చబరిచే నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా, రాత్రంతా చేపలతోపాటు తానూ దాన్నే పీల్చుకుంటుంది కనుక, సూర్యోదయానికి ముందు కొరత తీవ్రమవుతుంది; పైగా మన వేసవిలో వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రాల ఏరేటరు మీకు అక్కర లేదు (అది తొట్టిలో నీళ్లన్నీ గోడకు చిమ్ముతుంది!). రెండు గాలిరాళ్లున్న (గాలిని సన్నని బుడగలుగా వదిలే రాళ్లు) చిన్న ఎయిర్ పంపును రాత్రంతా నడపండి, కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరుకు కలపండి.

మీ తొట్టిలో సుమారు 5,100 లీటర్లు పడతాయి. రెండు గంటలకొకసారి నీరంతా ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 2,500 లీటర్ల పంపు కావాలి. అయితే డబ్బాపై రాసిన అంకె నీటిని పైకి ఎత్తనప్పటిది కాబట్టి, ఎత్తును బట్టి పెద్దది తీసుకోండి. ప్లాస్టిక్ డ్రమ్ములో మొదట స్పాంజి, తరువాత కంకర అమరిస్తే ఫిల్టరు సిద్ధమే. కంకరకు పట్టే జిగురుపొరలోని బ్యాక్టీరియాయే చేపల విసర్జనతో నీటిలో చేరే విషపూరితమైన అమ్మోనియాను తక్కువ హానికరమైనదిగా మారుస్తుంది; అది స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది కనుక అప్పటివరకు మేత తగ్గించండి. కంకరను క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో కడగకండి (ఆ బ్యాక్టీరియా చస్తుంది), తొట్టినీటితోనే జాడించండి. పచ్చదనం తగ్గాలంటే తొట్టిపై సగం మేర తాటాకు పందిరి వేయించండి.