ఫార్మ్‌-డి తర్వాత ఔట్‌కమ్స్ రీసెర్చ్‌: మీ అమ్మాయి సరైన దారే అడుగుతోంది

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మ్‌-డి (ఫార్మసీలో ఆరేళ్ల డాక్టర్ కోర్సు) ఐదో సంవత్సరం. ప్రాజెక్టు ఇంకా మొదలుకాలేదు. కోర్సు అయ్యాక హెల్త్ ఔట్‌కమ్స్ రీసెర్చ్‌ చేస్తానంటోంది. బంధువులేమో అమీర్‌పేటలో క్లినికల్ సాస్ (మందుల ట్రయల్స్ డేటా విశ్లేషించే సాఫ్ట్‌వేర్) నేర్పించి వెంటనే ఉద్యోగంలో పెట్టమంటున్నారు. అసలు ఇదేం చదువు, నమ్ముకోవచ్చా?
- ఒక తండ్రి, నరసరావుపేట

నమ్ముకోవచ్చండీ. ముందు అదేం పనో మీకు తెలిస్తే బంధువులకు జవాబు మీరే చెప్పగలరు.

మోకాలి మార్పిడి ఆపరేషనే తీసుకోండి. ఎక్స్‌రేలో కీలు చక్కగా కుదిరింది, కుట్లు మానాయి, ఆసుపత్రి లెక్కలో సక్సెస్. కానీ ఆర్నెల్ల తర్వాత ఆ పెద్దావిడ మెట్లెక్కుతోందా, రాత్రి నొప్పి లేకుండా నిద్రపోతోందా, తన పనులు తను చేసుకోగలుగుతోందా, ఇవన్నీ అడిగి, వందలమంది జవాబులు పోల్చి, పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం వచ్చిందో లేదో తేల్చడమే ఈ పని. దీని అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గుండెపోటు వచ్చినవాళ్లకు గుండె లయ తప్పకుండా కొన్ని మందులు ఇచ్చేవారు, ఈసీజీ కూడా బాగుపడేది. 1989లో అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ (మందుల్ని రోగుల మీద పోల్చి చూసే పరీక్ష) ఫలితాలు వచ్చాక చూస్తే, ఆ మందుల్లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వేసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే ఎక్కువమంది చనిపోయారు!

సాస్ చెడ్డదని నేననను, ఉద్యోగానికి పనికొస్తుంది. కానీ పెద్దాసుపత్రిలో చావులు ఎక్కువ, ప్రైవేటులో తక్కువ అని డేటా చెబితే, పెద్దాసుపత్రి వైద్యం బాగోలేదనా లేక ప్రాణం మీదికొచ్చాక అక్కడికి తీసుకెళ్తారనా అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. అది పట్టుకోవాలంటే స్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చదివే శాస్త్రం) గట్టిగా రావాలి. ప్రాక్టీసుకు ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చులేదు.

మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే మంచి అవకాశం ఉంది. ఐదో సంవత్సరంలో ఫార్మకోఎపిడెమియాలజీ, ఫార్మకోఎకనామిక్స్ (జనం మీద మందుల ప్రభావం, వాటి ఖర్చుకు తగ్గ ఫలితం లెక్కగట్టడం) సబ్జెక్టు ఉంటుంది, ఆర్నెల్ల ప్రాజెక్టూ ఉంటుంది. చాలామంది పాత కేస్‌షీట్లు తిరగేసి మందులు లెక్కపెట్టి మమ అనిపిస్తారు. అలా చేయనివ్వకండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, డయాలసిస్ పేషెంట్లనో షుగర్ పేషెంట్లనో ఒకసారి, మళ్లీ మూడు నెలలకు ఒకసారి అడగాలి. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు, ఈ ఐదింటి మీద ఈక్యూ-5డి అనే ప్రశ్నావళి ఉంది, ముందుగా అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. రెండోసారి రానివాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవడం అన్నింటికంటే ముఖ్యం. వాళ్లను వదిలేస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనబడొచ్చు.

పై చదువుకు హైదరాబాద్ ఐఐపీహెచ్, చెన్నై ఎన్‌ఐఈ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలున్నాయి. అక్కడి ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ)కి అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి. ఉద్యోగాలు ఫార్మా కంపెనీల్లో, కన్సల్టింగ్ సంస్థల్లో దొరుకుతాయి. మొదట్లో చాలావరకు పరిశోధన పత్రాలు వెతికి సారాంశం రాసే పనే ఇస్తారు, దానికి నిరుత్సాహపడొద్దు. అమెరికా ఆలోచన ఉంటే వాషింగ్టన్, ఫ్లోరిడా యూనివర్సిటీల్లో ఇదే విషయంలో పీహెచ్‌డీ ఉంది. పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇస్తారు, ఎంఎస్‌కి మాత్రం ఎక్కువగా మన డబ్బే. ఇల్లు తాకట్టు పెట్టి ఎంఎస్‌కి పంపడం నాకిష్టం లేదు, ఇక్కడ రెండేళ్లు పనిచేసి, తన పేరుతో ఒక పరిశోధన పత్రం వచ్చాక పీహెచ్‌డీకి ప్రయత్నించమనండి.

ప్రాజెక్టు టాపిక్ ఖరారయ్యేలోపే గైడ్‌ని కలిసి, కేస్‌షీట్ల లెక్క కాదు, పేషెంట్ల ఫాలోఅప్ చేస్తానని అడగమనండి.